విస్బియం

ఆ కంచు కల్వం మీద లాటిన్ అక్షరాలు లేకపోయి ఉంటే టెక్లా రోన్‌డాల్ బతుకులో ఇంత చేదు ఉండేది కాదేమో. ఉన్నాయి మరి, ఏం చేస్తాం! అంచు చుట్టూ, అరిగిపోయిన పూలతీగ కింద, తాతలనాటి కంచు పోతపోసేవాడెవడో పోసిపెట్టాడు, "నన్ను విస్బియాలో చేశారు" అని. ఆరేళ్ల పిల్లగా ఉన్నప్పుడు టెక్లా తండ్రిని అడిగింది, విస్బియా అంటే ఏ దేశం నాన్నా అని. మందుల దుకాణంలో బల్ల వెనక నిలబడి లవంగాలు నూరుతున్న ఆ పెద్దమనిషి నవ్వి, "మన ఊరేనే పిచ్చిపిల్లా! విస్బీ అనేది ఇంట్లో కట్టుకునే నేతగుడ్డ. విస్బియా అనేది ఆదివారం చర్చికి కట్టుకెళ్లే పట్టుబట్ట," అన్నాడు.

ఆ మాట పిల్ల మనసులో నాటుకుపోయింది. గోడలు కూలిన ఊరు, గొర్రెలూ చేపల కంపూ సముద్రపు గాలీ తప్ప మరేమీ లేని ద్వీపం. దానికీ పెట్టెలో దాచుకున్న పట్టుబట్ట ఒకటుందని ఆమె పడుకునే ముందు తలుచుకుని మురిసిపోయేది.

తండ్రి పోయాక దుకాణం ఆమెకు రాలేదు. మందు కట్టడం ఆయన కంటే బాగా తెలిసినా, పరీక్ష ప్యాసైన మగవాడికే దుకాణం రాసిస్తారు. కాల్మార్ నుంచి ఒక బొర్రవాడు వచ్చి బల్ల వెనక నిలబడ్డాడు. టెక్లా కల్వాన్ని ఉన్నిశాలువాలో చుట్టి, చంటిపిల్లలా చంకనేసుకుని స్టీమరెక్కింది. యూనివర్సిటీ ఊళ్లో, ప్రొఫెసర్ ట్రనేయస్ గారి ప్రయోగశాలలో గాజుసామాను చూసుకునే పని దొరికింది. అప్పటికి ఆమెకు ముప్పైయొకటి, పెళ్లి కాలేదు కాబట్టి అక్కడ ఫ్రోకెన్, అంటే కుమారి అని పిలిచేవారు.

ట్రనేయస్ అనే పేరు చూసి ఇదేదో రోమాపురి వంశం అనుకునేరు! ఆయన ముత్తాత త్రానా అనే బురదపల్లెలో పేడ ఎత్తినవాడి కొడుకు. పాదిరీ చదువుకి వెళ్లి, బడిలో పేరు రాయించుకునేటప్పుడు ఊరి పేరుకి లాటిన్ తోక తగిలించుకున్నాడు. మా దేశంలో సగంమంది ప్రొఫెసర్లూ ముప్పాతికమంది బిషప్పులూ ఇలా పుట్టినవాళ్లే. పల్లె వెనకబడిపోయింది, తోక మాత్రం మనవల దాకా వచ్చింది. ప్రయోగశాలలో గిన్నెలు కడిగే లోవీసమ్మ, "పేరు గొప్ప, ఊరు దిబ్బ" అనేది ఆయన వెనకాల. ఆమెకు అక్షరం ముక్క రాదు కానీ మనుషుల్ని చదవడం వచ్చు.

గాజుసామాను చూసుకోవడానికని చేరిన మనిషి ఆర్నెల్లకల్లా అసలు పనిలోకి దిగింది. ఆ పని చేయగల ఓపిక ఆ భవనంలో ఇంకెవరికీ లేదు కాబట్టి దిగింది. పనేమిటంటే, గనిలో దొరికే ఒక నల్లరాయిని ఆమ్లంలో కరిగిస్తారు. అందులో ఏడెనిమిది లోహాలు అక్కచెల్లెళ్లలా ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. రంగూ ఒకటే, గుణమూ ఒకటే. విడదీయాలంటే ద్రావణాన్ని గిన్నెలో పోసి, స్పిరిటు దీపం మీద పైన మీగడ కట్టేదాకా కాచి, చల్లారబెట్టాలి. అడుగున పలుకులు పేరుకుంటాయి, పైన తేట నిలుస్తుంది. పలుకులు ఎడమ గిన్నెలోకి, తేట కుడి గిన్నెలోకి. మళ్లీ కాచాలి. ఇలా ఇరవై నాలుగు గిన్నెల వరస. వరస ఒకసారి తిరిగితే అక్కచెల్లెళ్ల మధ్య వెంట్రుకవాసి ఎడం వస్తుంది. వందలసార్లు తిరిగాక చీకటి గదిలో స్పెక్ట్రోస్కోపులోంచి చూస్తే, ఏ లోహం రంగుగీతలు ఆ లోహానికే విడిగా కనబడతాయి. ఒక్క గిన్నె తేట పొరపాటున పక్క గిన్నెలో పడిందో, నెలల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే.

మూడు గంటలకి కాఫీ. కాఫీలోకి యాలకుల బన్నులు టెక్లా చేసి తెచ్చేది, యాలకులు మాత్రం అక్కడే కిటికీ పక్కన కల్వంలో అప్పటికప్పుడు దంచి పైన చల్లేది. ప్రొఫెసర్ గారు రెండు తినేవారు, ఒక్కోరోజు మూడు. నల్లరాళ్లు నూరడానికి కింద గదిలో ఉక్కురోళ్లు వేరే ఉన్నాయి. ఆ కంచు కల్వం ఆ భవనంలోకి వచ్చాక యాలకుల మొహం తప్ప ఇంకే మొహమూ చూడలేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

నాలుగో ఏడు అక్టోబరులో ఒకరోజు, చీకటి గదిలో టెక్లా రెండు ఆకుపచ్చ గీతల మధ్య సన్నటి నారింజరంగు గీతను చూసింది. కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది. పట్టికలు తెచ్చి వెతికింది. ఏ దేశంవాడి పట్టికలోనూ ఆ గీత లేదు.

"ప్రొఫెసర్ గారు ఒక్కసారి వచ్చి చూస్తారా?" అంది తలుపు దగ్గర నిలబడి.

ఆయన పావుగంట చూశాడు. బయటికొచ్చాడు. "ఇది ఎవరిదీ కాదు, ఫ్రోకెన్ టెక్లా. మనదే!" అన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, "అచ్చువేసేటప్పుడు మీ పేరు మాత్రం వేయడానికి వీలుండదు. ఏమనుకోకండి. మీకు డిగ్రీ లేదు, చదువుకి పేరు నమోదు కాలేదు. గాజుసామాను మనిషి కనిపెట్టిందంటే అకాడమీలో పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు," అన్నాడు.

టెక్లా ఏమీ అనుకోలేదు. ఆ మాట వస్తుందని ఆమెకు తెలుసు. కొత్త లోహాలకి పేరు పెట్టే ఆచారం కూడా తెలుసు. ఏ ఊరిదో, ఏ సీమదో లాటిన్ పేరు తీసుకుని దానికో తోక తగిలిస్తారు. స్టాక్‌హోమ్ పట్టుబట్ట పేరు హోల్మియా, దాని మీద హోల్మియం అప్పటికే వచ్చేసింది.

"నా పేరు వద్దు ప్రొఫెసర్ గారూ. మా ఊరి పేరు పెట్టండి, చాలు. మా ఊరికీ లాటిన్ పేరుంది. విస్బియా," అంది.

ఆయన కిటికీలోని కల్వాన్ని చూసి హాయిగా నవ్వాడు. "మంచి బేరమే!" అంటూ చీటీ తీసి, స్వయంగా, గుండ్రటి అక్షరాలతో "విస్బియం?" అని రాసి, గీత బాగా కనపడే పదిహేడో గిన్నెకి అంటించాడు. "రుజువయ్యాక ప్రశ్నార్థకం తీసేద్దాం," అన్నాడు.

ఆ చీటీని చూసుకుంటూ టెక్లా ఐదేళ్లు గడిపింది. మనిషికి ఎంత తక్కువ కావాలో చూడండి. తన పేరు పోనీ, ప్రపంచంలో ఎక్కడ ఏ పిల్లవాడు రసాయనశాస్త్రం చదివినా తన ఊరి పేరు నోట పలుకుతాడు. దుకాణం లాక్కున్న ఊరే, అయినా సరే. లోవీసమ్మ రోజూ పొద్దున్నే బకెట్టుతో వచ్చి ఆటపట్టించేది.

"ఏం తల్లీ, మీ విస్బియం లేచిందా? పాలు తాగిందా?"

"తాగింది లోవీసమ్మా. రాత్రంతా ఏడ్చింది."

"పళ్లొస్తున్నాయేమో. పేరుపెట్టే రోజున నాకు బుడ్డెడు బ్రాందీ పోయించకపోతే ఊరుకోను, చెప్తున్నా."

తొమ్మిదో ఏడు జనవరిలో వాల్‌మార్క్ గారు వచ్చారు. వెస్టెరోస్ దగ్గర ఇనుపకార్ఖానాలున్న ఆసామి, నల్లకోటు మీద నక్కతోలు కాలరు. గిన్నెల వరస చూస్తూ నడిచి, పదిహేడో గిన్నె దగ్గర ఆగి, "ఇదేనా?" అన్నాడు. ప్రొఫెసర్ గారు ఆ గిన్నెకి అడ్డంగా నిలబడి, చేతులు వెనక్కి పెట్టుకుని, ఇదేనన్నాడు. చీటీ కనపడకుండా అలా నిలబడ్డాడని టెక్లాకి అప్పుడు తట్టలేదు. వాల్‌మార్క్ గారు కొత్త ప్రయోగశాల కట్టిస్తానని మాటిచ్చి వెళ్లారు.

మరో వారానికి చీటీ మారింది. ముందు పట్టుకున్నది చదువురాని లోవీసమ్మే.

"ఇది పాత కాగితం కాదే తల్లీ. పాతదాని మూల నేను తడిగుడ్డతో తుడిచి తుడిచి చిరిగింది. దీనికి నాలుగు మూలలూ ఉన్నాయి. ఏం రాసుంది?"

టెక్లా వంగి చూసింది. "అరోసియం," అంది.

"అదెవరూ?"

"వెస్టెరోస్ పట్టుబట్ట పేరు."

ఈసారి ప్రశ్నార్థకం లేదు.

ఆమె మెట్లెక్కి పైకి వెళ్లింది. ప్రొఫెసర్ గారు ఆమె మొహం చూడగానే కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు.

"మాటిచ్చారు మీరు," అంది టెక్లా.

"మాటా! సరదాకి రాసిన చీటీ అది. ఫ్రోకెన్ టెక్లా, కొత్త భవనం వస్తోంది, కొత్త పరికరాలు వస్తాయి, మీకు కిటికీ పక్కన కుర్చీ వస్తుంది. వెస్టెరోస్‌లో బిషపున్నారు, బడి ఉంది, ఇనుము ఉంది. విస్బీలో ఏముంది, గొర్రెలు తప్ప?"

"గొర్రెలే ఉన్నాయి. ఐదేళ్ల కింద కూడా గొర్రెలే ఉన్నాయి. అప్పుడు మీకు నచ్చాయి."

"తర్వాత దొరికేది మీ ఊరిదే. ఇదుగో, నా మాట," అని ఆయన చెయ్యి చాచాడు. ఆమె ఆ చేతిని పట్టుకోలేదు. కిందికి వచ్చేసరికి లోవీసమ్మ ఆమె మొహం చూసి, "ఏరు దాటాక తెప్ప తగలేశాడన్నమాట," అంది. టెక్లా ఆ సాయంత్రం కూడా ఇరవై నాలుగు గిన్నెలూ తిప్పింది, ఏ గిన్నెలోనూ చుక్క తారుమారు చేయకుండా.

అలా తిప్పినందుకే ఫిబ్రవరి నెలాఖరులో అసలు సంగతి బయటపడింది. నారింజ గీత పలచబడుతోంది. కొత్త లోహమే అయితే శుద్ధి చేసేకొద్దీ గీత బలపడాలి. ఇది ఎడమవైపు గిన్నెల్లోకి కొంతా కుడివైపు గిన్నెల్లోకి కొంతా చీలిపోయి, మధ్యలో మాయమవుతోంది. అంటే అక్కడ కొత్తది ఏమీ లేదు. పాత లోహాలు రెండు కలిసి వేసిన నీడ అది. ఐదేళ్లు నీడను కాచింది ఆమె.

దుఃఖం రావలసిన చోట మొదట నవ్వొచ్చింది. చీకటి గదిలో ఒంటరిగా కూర్చుని పగలబడి నవ్వింది. వాల్‌మార్క్ గారి నక్కతోలు కాలరు, వెస్టెరోస్ బిషపు, గొర్రెల్లేని ఆ గొప్ప ఊరు, అన్నీ ఒక నీడకి పేరుపెట్టుకోబోతున్నాయి. తర్వాత తన నవ్వుకి తనకే సిగ్గేసింది. ఆరుసార్లు మళ్లీ చూసి, నోటుపుస్తకంలో తేదీ వేసి రాసి, పైకి తీసుకెళ్లింది.

ప్రొఫెసర్ గారు చదివాడు.

"ఎన్నాళ్లనుంచి ఇలా కనపడుతోంది?"

"మూడు వారాలనుంచి."

"చీటీ మారి ఎన్నాళ్లయింది?"

"ఐదు వారాలు."

"అదీ సంగతి!" అన్నాడు ఆయన, ఊపిరి పీల్చుకుని. ఆయన మొహంలోకి రంగు తిరిగొచ్చింది. "ఊరి పేరు పోయిన రెండు వారాలకి గీత పోయిందన్నమాట. ఆడవాళ్ల అక్కసుకి స్పెక్ట్రోస్కోపు అక్కర్లేదు, ఫ్రోకెన్ టెక్లా."

"మీరే వచ్చి చూడండి. మీ కళ్లతో చూడండి! నా మీద కోపం ఉంటే గిన్నెలు కలిపేసేదాన్ని. కలపలేదే! ఇంకో రెండొందలసార్లు తిప్పనివ్వండి. ఆర్నెల్లు ఆగండి, ఆర్నెల్లే."

"పేరుపెట్టే విందు మేలో. బిషపు గారు వస్తున్నారు. వాల్‌మార్క్ గారు వెండిపళ్లెం మీద పేరు చెక్కించేశారు. ఆర్నెల్లు ఆగమని పళ్లేనికి చెప్పమంటారా?"

ఆయన కిందికి వచ్చి చూడలేదు. చూస్తే కనపడుతుందని ఆయనకి తెలుసు, అందుకే రాలేదు. కలం తీసి ఆమె రాసిన పేజీ మీద మూలనుంచి మూలకి గీత కొట్టి, పక్కన "కళ్ల అలసట" అని రాసి, సంతకం పెట్టాడు.

విందు గురువారం నాడు జరిగింది. ఆ విందుకి గాజుసామాను మనిషిని ఎవరు పిలుస్తారు! టెక్లా, లోవీసమ్మ గిన్నెల బల్ల చివర కూర్చుని, ప్రతి గురువారం తాగినట్టే బఠాణీల సూపు తాగారు. పత్రికల్లో రెండురోజులు అదే గోల. వెస్టెరోస్ పిల్లలు పాట పాడారట. పురపాలక సంఘం వీధికి పేరు పెడుతుందట. ఒక రొట్టెల దుకాణంవాడు అరోసియం బిస్కట్లని చేసి అమ్ముతున్నాడట. లోవీసమ్మ వెస్టెరోస్‌లో ఉన్న మరదలితో రెండు తెప్పించింది. "మాడు వాసన," అని ఒకటి కొరికి ఉమ్మేసింది.

పదకొండు నెలలు గడిచాయి. పారిస్ నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడ ఎవరో ఆ రాయినే కరిగించి, వెయ్యిసార్లు తిప్పి, అరోసియం అనే లోహం లేదనీ అది పాత లోహాలు రెంటి కలయిక అనీ తేల్చారు. ఏడాది కింద టెక్లా పుస్తకంలో రాసిన వాక్యమే, ఫ్రెంచిలో. ప్రొఫెసర్ గారు మూడురోజులు కాఫీకి దిగలేదు, బన్నుల పళ్లెం ముట్టకుండానే వెనక్కొచ్చింది. నాలుగోరోజు వచ్చి, ఎప్పుడూ లేనిది, కిటికీ దగ్గర ఆగి కల్వాన్ని చేతిలోకి తీసుకున్నాడు. "ఇది కొన్నాళ్లు నా దగ్గర ఉండనివ్వండి. దీని మీది రాత గురించి ఒకాయన అడుగుతున్నాడు," అన్నాడు. టెక్లాకి, పిచ్చిదానికి, సంతోషం కూడా వేసింది.

ఈలోగా కొత్త వెతుకులాట మొదలైంది. పాత గిన్నెల్లోనే కుడిచివర మూడు గిన్నెల్లో ఇంకేదో నీలిగీత తొంగి చూస్తోంది. ఆ గీతని కూడా టెక్లాయే చూసింది. "తర్వాతది మీ ఊరిదే అన్నాను, గుర్తుందా?" అన్నాడు ప్రొఫెసర్ గారు, భుజం మీద చెయ్యి వేయబోయి మానేసి. ఆమె నమ్మలేదు. నమ్మకపోయినా తిప్పింది. ఇది అబద్ధపు నీడ కాదేమోనని ఆశ. ఆశ ఉన్నవాళ్లని మోసం చేయడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

సెప్టెంబరులో అకాడమీ సంచిక టపాలో వచ్చింది. మధ్యాహ్నం టపా విడదీసేది టెక్లాయే. విషయసూచికలో ప్రొఫెసర్ గారి పేరు చూసి కత్తితో పేజీలు కోసి, నిలబడే చదివింది. రెండువందల పన్నెండో పేజీ. పొరపాటుకి కారణం తెలిసిందని రాశాడు. తన సహాయకురాలు, విస్బీ వాస్తవ్యురాలు కుమారి టెక్లా రోన్‌డాల్, స్వస్థలం నుంచి తెచ్చుకున్న పాత కంచు కల్వంలో రాతిని నూరినందువల్లా, గిన్నెల శుభ్రత విషయంలో ఆమె చూపిన అశ్రద్ధ వల్లా నమూనాలు మలినమయ్యాయి. కల్వం అంచున విస్బియాలో చేసినట్టు లాటిన్ రాత ఉంది. దాన్ని పరిశీలనకై భద్రపరచడమైనది.

ఆమె పేరు అచ్చులో పడింది. ఊరి పేరు పడింది. పట్టుబట్ట పేరు కూడా, విస్బియా అని, వాలు అక్షరాల్లో, అందంగా పడింది.

సంచికను బల్ల మీదే వదిలేసి మెట్లెక్కింది.

"ఆ కల్వంలో యాలకులు తప్ప ఇంకేమైనా దంచానా ప్రొఫెసర్ గారూ? చెప్పండి. పదేళ్లుగా తిన్నారు కదా!"

ఆయన లేచి తలుపు వేశాడు. "గట్టిగా మాట్లాడకండి."

"కంచులోంచి రాగి వస్తుంది, తగరం వస్తుంది. మొదటి ఏడు చదివే కుర్రాళ్లకి కూడా తెలుసు. ఆ నారింజగీత వస్తుందా? నా పుస్తకం ఉంది. తేదీ ఉంది. మీ సంతకం ఉంది దాని మీద, కళ్ల అలసటని."

"ఉంది. ఎవరికి చూపిస్తారు?" అన్నాడు ఆయన. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు, అలిసిపోయిన గొంతుతో. "వినండి. తప్పు నాదని రాస్తే వాల్‌మార్క్ గారు భవనం ఆపేస్తారు. నా పదవి పోతుంది, ఈ గది మూస్తారు, మీకూ లోవీసాకీ కూడు పోతుంది. ఎవరో ఒకరి మీద పడాలి. నాకు ముప్పయ్యేళ్ల పేరుంది. మీకు పోవడానికేముంది, ఫ్రోకెన్ టెక్లా? ఊరూ పేరూ లేని మనిషికి పోయేదేముంది?"

ఆమె ఆయన్ని తేరిపార చూసింది. తిట్టాలనుకుంది. ముత్తాత తండ్రి ఎత్తిన పేడనుంచి మొదలుపెట్టి తిట్టాలనుకుంది. "సరే," అని కిందికి దిగింది.

కింద లోవీసమ్మ గిన్నెల బల్ల పక్కన బకెట్టు పెట్టుకుని సంచిక చేతిలో అటూ ఇటూ తిప్పుతోంది, తలకిందులుగా పట్టుకుని.

"ఇందాక దీన్ని చదివి పరిగెత్తావుట, టపావాడు చెప్పాడు. నీ పేరు పడిందా ఏంటి? నా మీద ఒట్టు, నిజం చెప్పు!"

"పడింది లోవీసమ్మా."

"ఏదీ? ఎక్కడ?"

టెక్లా పేజీ తిప్పి వేలు పెట్టి చూపించింది. "ఇది నేను. ఇది మా ఊరు. ఇది మా ఊరి లాటిన్ పేరు."

లోవీసమ్మ తడిచేతులు గౌనుకి రెండుసార్లు తుడుచుకుని, ఆ అక్షరాల మీద వేలు ఆనీ ఆనకుండా పెట్టింది. ముసలి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నే చెప్పలా! ఎప్పటికైనా పడుద్దని చెప్పలా! పదేళ్ల చాకిరీ ఊరికే పోద్దా? అందుకే కాబోలు నీ కల్వాన్ని పైన గాజుబీరువాలో పెట్టి తాళం వేశాడు. దానికీ ఒక చీటీ అంటించాడు, మొన్న దుమ్ము దులుపుతూ చూశా. రాజుగారి కిరీటంలా ఉందనుకో! అయ్యోరికి ఇప్పటికి బుద్ధొచ్చింది. ఊరూ పేరూ రెండూ అచ్చులో పడ్డాయి. ఇంకేం కావాలి తల్లీ నీకు?"

ఆ ముసలిదాని సంతోషాన్ని చూస్తుంటే టెక్లాకి, పైన ఆయన అన్న మాటకంటే ఎక్కువ నొప్పెట్టింది. స్పిరిటు దీపాలు ఒక్కొక్కటే ఆర్పుకుంటూ వెళ్లింది. తర్వాత మొదటి గిన్నె ఎత్తి లోవీసమ్మ బకెట్టులోకి వంచింది. రెండో గిన్నె వంచింది. మూడోది.

"అయ్యో! అయ్యయ్యో! అదేంటి తల్లీ, కలిపేస్తున్నావు!" లోవీసమ్మ చెయ్యి పట్టుకుంది. ఆ గదిలో చేయకూడని పని ఏదో చదువురాని ఆమెకి కూడా తెలుసు. "నీ చేత్తో నువ్వు వేరు చేసిందే!"

"కడగాలి లోవీసమ్మా. గిన్నెలు మురికిగా ఉన్నాయని రాశారు. అందులో అదే ఉంది. మురికి గిన్నెలు, మురికి కల్వం. విస్బియా నుంచి వచ్చిన మురికి. అందుకే తప్పయిందట."

లోవీసమ్మ పట్టుకున్న చెయ్యి వదిలింది. "మురికా?" అంది. బల్ల మీద మిలమిలా మెరుస్తున్న గిన్నెల వరస కేసి చూసింది. "నేను కడిగిన గిన్నెలు? పదేళ్లు ఇసుకతో తోమి, వేణ్ణీళ్లతో కడిగి, నా గోళ్లు ఊడిపోయేలా కడిగిన గిన్నెలు మురికా?"

టెక్లా వంచుతూ పోయింది. నాలుగు, ఐదు, ఆరు. అక్కచెల్లెళ్లని ఒక్కొక్క వెంట్రుకవాసీ ఎడంచేస్తూ వచ్చిన పదేళ్లూ బకెట్టులో ఒకటై, లేత గులాబీరంగు నీళ్లుగా మారాయి. పదిహేడో గిన్నె దగ్గర ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. దాన్ని కూడా వంచింది.

పైన మూడు గంటల కాఫీ గంట మోగింది. లోవీసమ్మ గంట కేసి చూసింది, బకెట్టు కేసి చూసింది. గౌను చేతులు మోచేతుల దాకా పైకి మడిచి, నీలిగీత గిన్నెలు మూడూ ఉన్న కుడిచివరకి నడిచి, వాటిని తనే ఎత్తి వంచేసింది.